స్టేషన్‌కి పదిమందిమి పోతాం, కాలేజీకి పిల్లను ఒంటరిగా పంపుతాం

(పల్లెల్లో పనిచేస్తున్న కార్యకర్తల శిక్షణ తరగతిలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరునే సాధ్యమైనంత వరకు ఉంచాం.)

 

దళిత విద్యార్థులు, చదువు, ఉద్యోగం అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. రిజర్వేషన్ల గురించి, ప్రైవేటీకరణ గురించి మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. అవి మాట్లాడుకోవాల్సినవే. ఇవాళ మాత్రం నేను అంతకన్నా చిన్నగా కనిపించే ఒక సంగతి ఎత్తుకుంటా. పదో తరగతి పాసైన మన పిల్లకి ఇప్పుడు ఏం చదవాలి, ఎక్కడ చదవాలి, ఏ తారీఖు లోపల దరఖాస్తు పెట్టాలి, ఏ కాయితం కావాలి అని చెప్పే మనిషి మన పల్లెలో ఎవరున్నారు? ఇదే నా ప్రశ్న.

ముందు నా తప్పు చెప్పుకుని మొదలుపెడతా.

మా పల్లెలో ఒక కూలి తల్లి బిడ్డ. సెలవుల్లో మిరప కోతలకి పోతూనే పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. నర్సు కావాలని ఆ పిల్ల కోరిక. వాళ్ల అమ్మమ్మని పెద్దాసుపత్రిలో పెట్టినప్పుడు దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని పలకరించింది ఒక్క నర్సమ్మేనంట. అది ఆ పిల్ల మనసులో పడిపోయింది. ఒక రోజు పొద్దున్నే మా ఇంటికొచ్చి, "బాబాయ్, ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోమంటావు?" అని అడిగింది. నేను ఆ రోజు ధర్నాకి మనుషుల్ని పోగు చేసే పనిలో ఉన్నా. చెప్పులేసుకుంటూ, "ఏదైనా ఒకటేలే అమ్మా, బాగా చదువుకో చాలు" అని వెళ్లిపోయా.

ఆ వారంలోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ మనిషి మోటారు సైకిలు మీద పల్లెలోకి వచ్చాడు. తలకి ఇంతని కమీషన్ తీసుకుని పిల్లల్ని చేర్పించే మనిషి. "ఫీజు లేదు, బస్సు ఇంటి ముందుకొస్తుంది, సీఈసీలో సీటు రెడీగా ఉంది" అన్నాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు సంచిలో వేసుకుని పోయాడు. ఆ పిల్ల సీఈసీలో చేరింది. రెండేళ్ల తర్వాత మంచి మార్కులతో పాసై, బీఎస్సీ నర్సింగ్‌కి పోయి అడిగితే, "బైపీసీ చదివావా? లేకపోతే కుదరదు" అన్నారు. తిరిగొచ్చేసింది. వాళ్లమ్మ పెళ్లి చేసి పంపింది. ఇప్పుడు అత్తగారి ఊళ్లో పొగాకు గ్రేడింగుకి పోతోంది.

ఇంకో సంగతి వినండి. నర్సింగ్‌లో జీఎన్ఎం అని మూడేళ్ల డిప్లొమా ఉంది. దాంట్లో ఇంటర్ ఏ గ్రూపు వాళ్లయినా చేరొచ్చు. అంటే ఆ పిల్లకి దారి మూసుకుపోలేదు. ఉన్న దారి చెప్పేవాడు లేడు. చదువు చెప్పి జీతం తీసుకునే నాకే అది తెలియలేదు. తెలిసేటప్పటికి ఆమె చంకలో బిడ్డ ఉంది. నేను ఆమెకి ఎదురుపడ్డప్పుడు ఇప్పటికీ తల దించుకునే పోతున్నా.

అన్నలారా, ఆలోచించండి. ఆ పిల్లకి మార్కులు తక్కువా? కాదు. రిజర్వేషన్ లేదా? ఉంది. ఫీజు కట్టే పథకం లేదా? అదీ ఉంది. లేనిది ఒక్క మాట. అదే అగ్రకులపు ఇంట్లో అయితే ఆ మాట అన్నం తినేటప్పుడు వినపడుతుంది. మేనమామ హైదరాబాదులో ఇంజనీరు, పెదనాన్న కూతురు అమెరికాలో, పక్కింటాయన కాలేజీ ప్రిన్సిపాలు. ఎనిమిదో తరగతి నుంచే ఆ పిల్లాడికి దారి వేసి పెట్టేస్తారు. పొలం లాగా, ఇల్లు లాగా ఆ దారి కూడా వాళ్లకి వారసత్వంగా వస్తుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ప్రతిభ! మన పిల్ల ఆ కుటుంబంలో మొట్టమొదట అక్షరం దిద్దిన పిల్ల. ఆమెకి మేనమామ లేడా అంటే ఉన్నాడు. ఆయన బేల్దారి పనికి బెంగుళూరు పోయాడు.

బాబాసాహెబ్ సంగతే తీసుకోండి. ఆయన మహా మేధావి, ఎవరి సాయం లేకుండా తనంతట తానే పైకొచ్చాడని మనం సభల్లో చెప్తుంటాం. ఆయన మేధావే. అయినా 1907లో మెట్రిక్ పాసైన ఆ కుర్రాడికి దారి చూపిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు కృష్ణాజీ అర్జున్ కేళూస్కర్. బొంబాయిలో బడిపంతులు, రచయిత. దళితుడు కాదు. తోటలో కూర్చుని చదువుకుంటున్న కుర్రాణ్ణి చూసి పలకరించాడు, పుస్తకాలిచ్చాడు. మెట్రిక్ పాసైనప్పుడు జరిగిన అభినందన సభలో, తాను రాసిన బుద్ధుడి చరిత్ర బహుమానంగా ఇచ్చాడు. ఇంటర్ తర్వాత తండ్రి రామ్‌జీకి ఫీజు కట్టే శక్తి లేకపోతే, కేళూస్కర్ ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని బరోడా మహారాజు శాయాజీరావు దగ్గరికి తీసుకెళ్లాడు. నెలకి 25 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది. దాంతో బీఏ అయింది. 1913లో అదే బరోడా సంస్థానం సాయంతో కొలంబియా యూనివర్సిటీకి పోయాడు. ఆ మాస్టారు పలకరించి ఊరుకోలేదు, వెంటబెట్టుకుని పోయాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తా.

ఆ బాకీని బాబాసాహెబ్ మన జాతికి తీర్చాడు. ఆయన వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడే, 1944లో, షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాదులో ఇంకో కాలేజీ పెట్టించాడు. మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ అంతకుముందే బళ్లు పెట్టి నడిపించాడు. ఉద్యమం అంటే మన పెద్దలకి చదువుల పని కూడా అన్నమాట.

ఇక ఇవాళ్టి సంగతి. 2024లో ఉత్తరప్రదేశ్‌లో ముజఫర్‌నగర్ జిల్లాకి చెందిన ఒక దళిత కుర్రాడికి ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. తండ్రి రోజు కూలీ. సీటు నిలబెట్టుకోవాలంటే గడువు లోపల 17,500 రూపాయలు కట్టాలి. ఆ డబ్బు పోగయ్యేటప్పటికి ఆఖరి రోజు సాయంత్రం అయిపోయింది, గడువు దాటింది, సీటు పోయింది. ఆ కుటుంబం కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి సుప్రీంకోర్టు దాకా పోయింది. 2024 సెప్టెంబరు 30న ఆ కోర్టు 142వ అధికరణం కింద తనకున్న ప్రత్యేక అధికారం వాడి, సీటు ఇవ్వమని ఆదేశించింది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టా. తర్వాత నాకు అనిపించింది ఏమిటంటే, 17,500 రూపాయల పని చెయ్యడానికి దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు కావాల్సి వచ్చింది. వారం ముందు ఆ ఊళ్లో పదిమంది తలా పదిహేడు వందల యాభై వేసుకుంటే అయిపోయే పని. సుప్రీంకోర్టు దాకా పోలేక, సీటు పోయిందని ఇంట్లో కూర్చున్న పిల్లల లెక్క ఎవరు రాశారు?

సీటొచ్చి లోపలికి పోయిన తర్వాత కూడా ఈ కథ అయిపోదు. 2016 జనవరి 17న హైదరాబాద్ యూనివర్సిటీలో వేముల రోహిత్ చనిపోయాడు. ఆఖరి ఉత్తరంలో కూడా తనకి ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్భై అయిదు వేల రూపాయలు రావాలని రాసిపెట్టి పోయాడు. సస్పెన్షన్, వెలి, దానికి తోడు ఆగిపోయిన ఫెలోషిప్. చదువుకునే పిల్లాడికి స్కాలర్‌షిప్ ఆగితే అన్నం ఆగినట్టే. ఆ ఆఫీసుల ముందు మన పిల్లలు ఒక్కొక్కరే నిలబడుతున్నారు.

ఇప్పుడు అసలు మాటకొస్తా. 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ నెత్తుటి నుంచి మనం ఒకటి నేర్చుకున్నాం. మనవాడి మీద దెబ్బ పడితే వాణ్ణి ఒక్కణ్ణే పోలీస్ స్టేషన్‌కి పంపకూడదని నేర్చుకున్నాం. పదిమందిమి పోతాం. ఎఫ్ఐఆర్ కాపీ చేతికొచ్చిందాకా కదలం. ఏ సెక్షన్ పెట్టాడో చదివి చూస్తాం. అట్రాసిటీ చట్టం సెక్షన్లు అక్షరం రాని మన పెద్దమ్మలకి కూడా నోటికి వచ్చు. మరి అదే పల్లె నుంచి పదహారేళ్ల ఆడపిల్ల కాలేజీలో చేరడానికి పోతే ఎంతమందిమి పోతున్నాం? ఒక్కతే పోతుంది. లేకపోతే ఒక పూట కూలి పోగొట్టుకుని వాళ్లమ్మ పోతుంది. ఇద్దరూ ఆ కౌంటరు ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. గుమాస్తా ఏం చెబితే అది విని తిరిగొస్తారు. ఆ కౌంటరు దగ్గర కూడా మన మీద దెబ్బ పడుతోంది. నెత్తురు కనపడదు కాబట్టి మనం పోవడం లేదు.

అందుకని ప్రతి పల్లెలో ఈ పనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒక మగ, ఒక ఆడ. డిగ్రీ చదివి ఊళ్లో ఉన్నవాళ్లయితే మంచిది. కొత్త సంఘం పెట్టొద్దు, బోర్డు రాయించొద్దు. ఉన్న సంఘంలోనే ఈ పని వాళ్లకి అప్పజెప్పండి. ఏం చెయ్యాలో చెప్తా, రాసుకోండి.

ఒకటి, నోటుబుక్కు. పల్లెలో ఎనిమిదో తరగతి నుంచి డిగ్రీ దాకా చదివే ప్రతి బిడ్డ పేరు రాయండి. బడి మానేసిన వాళ్ల పేర్లు ముందు రాయండి. వాళ్లకి ఓపెన్ స్కూలు ఉంది. పేరు పక్కన ఆ బిడ్డకి ఏం ఇష్టమో అడిగి రాయండి. మీకు ఇష్టమైంది రాయొద్దు. మనవాళ్లలో ఒక రోగం ఉంది. పిల్లాడు అనగానే ఇంజనీరింగ్, పిల్ల అనగానే టీచర్ ట్రైనింగ్. లెక్కలంటే వణికే పిల్లాణ్ణి ఎంపీసీలో వేసి, తప్పితే వాడికి తెలివి లేదంటాం.

రెండు, కాయితాల సంచి. కుల ధృవీకరణ పత్రం, ఆదాయ పత్రం, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పుస్తకం. ఆధార్లో నాగమణి అని, పదో తరగతి మెమోలో నాగమణమ్మ అని ఉంటే స్కాలర్‌షిప్ అక్కడే ఆగిపోతుంది. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా అంతే. ఇవి తొమ్మిదో తరగతిలో ఉండగానే చూసి దిద్దించండి. బ్యాంకు ఖాతాకి ఆధార్ కలిసిందో లేదో పోయి అడగండి. 2025లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ వర్గీకరణ చట్టంగా వచ్చింది. కాబట్టి కుల పత్రంలో ఉపకులం పేరు సరిగ్గా ఉందా లేదా అనేది కూడా ఇప్పుడు ముఖ్యం. వర్గీకరణ మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. మాల బిడ్డ కాయితం, మాదిగ బిడ్డ కాయితం, రెల్లి బిడ్డ కాయితం అన్నీ ఒకే శ్రద్ధతో చూడండి. ఈ పనిలో తేడా చూపించినవాణ్ణి ఆ పని నుంచి తప్పించండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కమీషన్ మనుషుల చేతికి ఇవ్వొద్దు. కాలేజీ వాటిని చూసుకుని తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా ఏం జరుగుతోంది? ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008లో మొదలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా దాని పేరు మారింది, డబ్బు ఎవరి ఖాతాలో పడాలో మారింది, బకాయి మాత్రం మారలేదు. సర్కారు కాలేజీకి బాకీ పడితే, కాలేజీ మన పిల్ల సర్టిఫికెట్ పట్టుకుని కూర్చుంటుంది. అప్పు ఒకడిది, తాకట్టు మన బిడ్డ బతుకు! ఇలాంటి చోటికి పదిమంది పోవాలి.

మూడు, దారులు, తారీఖులు. పదో తరగతి తర్వాత ఇంటర్ ఒక్కటే లేదు. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరొచ్చు. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలోకే తీసుకుంటారు. ఇంట్లో తొందరగా సంపాదన కావాల్సిన పిల్లాడికి ఇది మంచి దారి. 2008లో పెట్టిన నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులు చూసే తీసుకుంటారు. పల్లెటూరి పిల్లల కోసమే పెట్టినవి అవి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఇంటర్ ఉంది. బైపీసీ తీసుకుంటే ఏయే దారులు తెరుచుకుంటాయి, సీఈసీ తీసుకుంటే ఏవి మూసుకుపోతాయి అన్నది పిల్లకి చేరకముందే చెప్పాలి. నేను చెప్పనిది అదే.

ఇంటర్ తర్వాత ఈఏపీసెట్, నీట్ అందరికీ తెలుసు. కేంద్ర యూనివర్సిటీల్లో డిగ్రీకి 2022 నుంచి సీయూఈటీ అని ఒక పరీక్ష ఉంది. మన పల్లెల్లో ఆ పేరు విన్నవాళ్లు ఎంతమంది? చెయ్యెత్తండి. చూశారా! ఐఐటీ పరీక్షలో మన పిల్లాడికి ఎస్సీ కటాఫ్ కూడా కొంచెం అందకపోతే, ఒక ఏడాది అక్కడే చదివించి తర్వాత చేర్చుకునే ప్రిపరేటరీ కోర్సు ఉంది. అది తెలియక సీటు రాలేదనుకునే వాళ్లున్నారు.

డిగ్రీ తర్వాత పీజీ ఎంట్రన్సులు ఉన్నాయి. ఎస్సీ స్టడీ సర్కిళ్లు ఉన్నాయి. నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు ఇస్తున్నారు. పరిశోధన అంటే మనకి అన్నం పెట్టదనుకుంటాం. విదేశాలకి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 125 మందికి, వాటిలో ఎక్కువ భాగం ఎస్సీలకే. అయితే 2022లో దాంట్లో ఒక మెలిక పెట్టారు. భారత సమాజం మీద, చరిత్ర మీద, సంస్కృతి మీద విదేశాల్లో చదవడానికి డబ్బులివ్వమన్నారు. 1916లో బాబాసాహెబ్ కొలంబియాలో చదివిన వ్యాసం దేని మీద? భారతదేశంలో కులాల మీద! ఇవాళ ఆయన దరఖాస్తు పెట్టుకుంటే తిప్పి పంపేవాళ్లు. ఇలాంటి నిబంధనల మీద కొట్లాడాలి. కొట్లాడుతూనే ఉన్న 125లో మన ఊరి బిడ్డని ఎక్కించాలి.

తారీఖులు ఏటా మారతాయి. అందుకని క్యాలెండరు ఒకటి పల్లెలో గోడకి తగిలించి, తారీఖు వచ్చినప్పుడల్లా ఎర్ర సిరాతో చుట్టండి. చర్చిలో, గుడి అరుగు మీద, పాల కేంద్రం దగ్గర, నలుగురూ చేరే చోట చదివి వినిపించండి.

నాలుగు, చిన్న నిధి. జయంతికి ఫ్లెక్సీలకి, సౌండు బాక్సులకి ఎంత పెడుతున్నామో మీకు తెలుసు. అందులో సగం పక్కన పెట్టండి. సీటు ఫీజు కట్టడానికి, కౌన్సెలింగ్‌కి పోయే రైలు చార్జీకి, పరీక్ష ఫీజుకి ఇచ్చి, స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు వెనక్కి తీసుకోండి. లెక్క అందరికీ చూపించండి. ధన్‌బాద్ సీటు లాంటిది మన పల్లెలో పోకూడదు.

అయిదు, తోడు. చేరే రోజు ఒక మనిషి వెంట పోవాలి. అక్కడితో అయిపోలేదు. తెలుగు మీడియంలో చదివిన పిల్ల మొదటి సెమిస్టర్లో ఇంగ్లీషు పాఠం అర్థం కాక, ఎవరినీ అడగలేక, హాస్టల్ గదిలో ఏడుస్తుంది. ఇది నేను ప్రతి సంవత్సరం నా క్లాసులో చూస్తున్నా. మొదటి పరీక్ష తప్పగానే "నాకు చదువు రాదులే" అని మూట కట్టుకుంటుంది. ఆ టైములో ఒక ఫోన్ రావాలి. "ఏమ్మా, తిన్నావా? ఏ సబ్జెక్టు పోయింది? సప్లిమెంటరీ ఎప్పుడు?" అని అడగాలి. పోయిన సబ్జెక్టు మళ్లీ రాసుకోవచ్చని చెప్పేవాళ్లు లేక ఎంతమంది ఆగిపోయారో! దసరాకి వచ్చినప్పుడు అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి, పై తరగతి పిల్లలతో కింది తరగతి పిల్లలకి చెప్పించండి. కాలేజీలో కులం పేరుతో వివక్ష జరిగితే ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధన తెచ్చింది. యూనివర్సిటీల్లో ఎస్సీ, ఎస్టీ సెల్ ఉండాలి. చేరిన రోజే అది ఏ గదిలో ఉందో, దానికి ఎవరు బాధ్యులో అడిగి రాసుకోమని పిల్లలకి చెప్పండి.

ఆడపిల్లల గురించి ఒక మాట. పిల్ల ఇంటర్ పాసవగానే సంబంధం వచ్చిందంటారు. ఆ ఇంటికి మన ఆడ కార్యకర్త ముందే పోవాలి. హాస్టల్ చూసి వచ్చి, "నేను చూశా వదినా, తలుపులు బాగున్నాయి, బాత్రూములున్నాయి, వార్డెన్ ఆడమనిషే" అని తల్లికి చెప్పాలి. ఉపన్యాసం వల్ల తల్లి ఒప్పుకోదు. చూసొచ్చిన మనిషి మాట మీద ఒప్పుకుంటుంది.

ఇదంతా ప్రభుత్వం చెయ్యాల్సిన పని కదా అని మీరు అడగొచ్చు. అవును. ప్రతి ప్రభుత్వ కాలేజీలో జీతమిచ్చి ఒక సలహాదారుణ్ణి పెట్టమని, స్కాలర్‌షిప్ నెల నెలా ఇవ్వమని, బకాయిలు తీర్చమని మన డిమాండ్లలో రాయండి, ధర్నా చెయ్యండి. నేనూ వస్తా. కానీ ఈ జూన్‌లో చేరాల్సిన పిల్ల ధర్నా ఫలించేదాకా ఆగలేదు. ఆమెకి గడువు ఉంది.

చివరగా నాలాంటి వాళ్లకి చెప్తున్నా. టీచర్లు, క్లర్కులు, బ్యాంకు ఉద్యోగులు, టౌనులో ఇల్లు కట్టుకున్న మనం. 1956లో ఆగ్రాలో బాబాసాహెబ్ చదువుకున్న మనవాళ్ల గురించే బాధపడ్డాడు. చదువుకుని తమ కడుపు తాము చూసుకుంటున్నారని ఆయన దుఃఖం. ఆ మాటని మనం ప్రతి సభలో చెప్పుకుంటాం, చెప్పుకుని టీ తాగి ఇంటికి పోతాం. నెలకి ఒక్క ఆదివారం మీ పల్లెకి పోండి. డబ్బివ్వకపోయినా ఫర్వాలేదు. ఆ నోటుబుక్కు ముందేసుకుని కూర్చోండి. తెలియంది తెలియదని చెప్పి, కనుక్కుని మళ్లీ రండి. నాలాగా "ఏదైనా ఒకటేలే" అని మాత్రం అనొద్దు.

ఆ నర్సు కావాలనుకున్న పిల్ల కూతురు ఇప్పుడు నాలుగో తరగతి. మొన్న ఊరికి వచ్చినప్పుడు వాళ్లమ్మ ఆ పిల్లని నా ముందు నిలబెట్టి, "బాబాయ్, దీనికి మాత్రం ముందే చెప్పు" అంది. మా పల్లె నోటుబుక్కులో ఎనిమిదో తరగతి నుంచే రాయాలని మేం పెట్టుకున్న నియమం. ఆ ఒక్క పేరు మాత్రం నాలుగో తరగతిలోనే రాసుకున్నా.

మీరు కూడా ఇంటికి పోయి మొదటి పేరు రాయండి. జై భీమ్!